మడిచిన కొస

వసంత్ కుంజ్, ఢిల్లీ
2 మే 2004

అమ్మా,

ఈ ఉదయం మా గది కిటికీ జాలీలో, సాలెగూటికి ఒక వేపపువ్వు తగులుకుని ఉంది. ఒక్కటే. గాలికి ఊగుతోంది కానీ పడటం లేదు. సాలీడు వచ్చి దాన్ని ఒకసారి తాకి, తినేది కాదని తెలుసుకుని, వెనక్కి వెళ్లి మూల కూర్చుంది. నేను పళ్లు తోముకోవడం ఆపి అదే చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత తమ్ముడి పెట్టె తెరిచాను. మల్లేశం తెచ్చి ఇచ్చిన పెట్టె. కరోల్ బాగ్‌లో తమ్ముడితో ఒకే గదిలో ఉండి కోచింగ్‌కి వెళ్లేవాడు. సమాధి దగ్గర ఎండకి నీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, గుర్తుందా? అప్పటినుంచి అది నా మంచం కిందే ఉంది. పుస్తకాలు, రెండు చొక్కాలు, కెమెరా. కెమెరా సంచీ జేబులో వాడని రీలు ఒకటి దొరికింది. దాని కొస మడతపడి ఉంటే గోటితో సాపు చేసి ఎక్కించాను. ఎక్కించడం తమ్ముడే ఒకసారి చూపించాడు.

మొదటి ఫొటో ఆ వేపపువ్వుది.

నీకు కోపం వస్తుందేమో తెలియదు. కన్ను ఆ చిన్న అద్దానికి ఆనించి, చెయ్యి కదలకుండా ఊపిరి బిగబట్టినంతసేపూ ఆ పువ్వు తప్ప ఇంకేమీ లేదు. పువ్వు అంచున పసుపు ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. తర్వాత అన్నీ మళ్లీ గుర్తొచ్చాయి. అయినా ఆ కాసేపు బాగుంది. అది నీకు చెప్పాలనిపించింది.

ఫోనులో ఇద్దరం ఏడవడమే అవుతోందని ఉత్తరాలు రాయమన్నావు. రాస్తున్నాను. స్కూలుకి సెలవులు ఇవ్వబోతున్నారు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు వేరు చేస్తున్నాను. అన్నం తింటున్నాను.

నీ అనుగ్రహ


నరసాపురం
11 మే 2004

అనూ, నా తల్లీ,

నీ ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. ఇంజక్షన్ల ట్రే పక్కన పెట్టుకుని చదివాను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. వార్డులో రెండు ఫ్యాన్లు తిరగవు. మూడోది తిరుగుతుంది కానీ గాలి ఇవ్వదు. మన ఆయా లీలావతి దాని కింద నిలబడి, "సిస్టరమ్మా, ఇది ఫ్యానా, గడియారమా?" అంటోంది.

నువ్వు ఏదో ఒకదాని మీద మనసు పెట్టుకోవడం మంచిదే. కాదనను. కానీ అనూ, నీకు పువ్వూ సాలీడూ దొరికాయి ఫొటో తియ్యడానికి. నాకు నా కొడుకు మొహం లేదు.

అక్టోబరు తొమ్మిదికి ఏడాది అవుతుంది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకోవాలి. కార్డు వేయించాలి. పాస్టరు అయ్యగారు ఇప్పటినుంచే, "ఫొటో ఇవ్వండమ్మా, వాక్యం నేను చూసి పెడతాను" అంటున్నారు. నా దగ్గర ఏముంది? పరీక్ష అప్లికేషన్ మీద అంటించిన ఫొటో. స్టూడియోవాడు కోటూ టై గీసి పెట్టాడు. నథానియేలు ఎప్పుడైనా కోటు వేసుకున్నాడా? ఆ కార్డు చూస్తే ఎవరో బ్యాంకు మేనేజరుగారు పోయినట్టుంటుంది.

నాకు నవ్వుతున్న ఫొటో కావాలి. పన్ను మీద పన్ను ఉంటుంది కదా వాడికి, అది కనపడాలి. రెండేళ్లు కెమెరా మెడలో వేసుకుని తిరిగినవాణ్ణి ఎవరూ ఒక్కసారైనా తియ్యలేదా? ఆ మల్లేశాన్ని అడుగు.

నువ్వు అదే ఊళ్లో ఉన్నావు. వాడికి ఆ డెంగ్యూ జ్వరం వచ్చిన వారం కూడా అదే ఊళ్లో ఉన్నావు. నీకు తెలిసేసరికే ఆస్పత్రిలో పడున్నాడు. ఇది ఇంక అడగనని మోకాళ్ల మీద ప్రభువుకి చెప్పుకున్నాను. ఇదిగో మళ్లీ అడిగేశాను. కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుంది, ఉండనీ.

రాత్రి పెరుగు తిను.

అమ్మ


వసంత్ కుంజ్
23 మే 2004

అమ్మా,

మల్లేశాన్ని కలిశాను. అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనం దొరికేచోటికి రమ్మన్నాడు. అంతమందిలో కూర్చుని తినడం నాకు కష్టమైంది. మారు వడ్డించేవాళ్లను పిలవలేక ఊరుకుంటే, అతనే "భయ్యా, అక్కకు పప్పెయ్యి" అని అరిచాడు. అందరూ నా వైపు చూశారు.

ఫొటో ఉంది, అమ్మా.

నిరుడు జులైలో, వాన పడిన మర్నాడు ఇద్దరూ సంజయ్ వన్‌కి వెళ్లారట. మా హాస్టల్‌కి దగ్గరే ఆ అడవి. అక్కడ తమ్ముడు ఆరుద్ర పురుగును తియ్యాలని బురదలో బోర్లా పడుకున్నాడట. పురుగు నడుచుకుంటూ వచ్చి కెమెరా మీదికే ఎక్కిందట.

"నవ్వాడా?" అని అడిగాను.

"నవ్వుడా? పడి పడి నవ్విండక్కా. ముక్కు నిండ బురద. నేనే కెమెరా గుంజుకొని ఒక్కటి కొట్టిన."

"ఆ ఫొటో ఏది?"

"ఇంక కడిగియ్యలే. రీలు మొత్తం అయినంక ఇద్దామన్నడు. ఫిలిం పొదుపుగ వాడేటోడు గదా, రెండు మూడు నెలలు నడిపిస్తుండె ఒక్క రీలును."

ఆ రీలు పెట్టెలోనే పెట్టానని అతనికి గట్టిగా గుర్తు. నేను వచ్చి మళ్లీ అంతా దులిపాను. చొక్కా జేబులు కూడా చూశాను. నాకు దొరికిన కొత్త రీలు తప్ప ఇంకేదీ లేదు. గదిలో పడిపోయిందేమో అతను వెతుకుతానన్నాడు.

పెరుగు తింటున్నాను.

అనుగ్రహ


నరసాపురం
4 జూన్ 2004

నా బంగారుతల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఉంది అన్నావు చూడు, ఆ ఒక్క మాట మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అయ్యగారికి చెప్పేశాను. లీలావతికి చెప్పాను. ప్రెస్సు అబ్బాయికి కూడా, "ఆగు బాబూ, ఆ కోటు ఫొటో వద్దు, వేరేది వస్తోంది" అని చెప్పి వచ్చాను.

ఆరుద్ర పురుగులంటే వాడికి చిన్నప్పటినుంచీ పిచ్చే. నువ్వు కాన్వెంటు హాస్టల్లో ఉన్నావు, నీకు తెలియదు. ఒకసారి నా థర్మామీటరు గొట్టంలో రెండు పెట్టి మూత పెట్టేశాడు. నేను పేషెంటు దగ్గర తెరిస్తే అవి దుప్పటి మీద పడ్డాయి. ఆయన "రక్తం, రక్తం" అని ఒకటే కేకలు. మీ నాన్న పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే అనుకుంటాను.

నీకు ఇంకోటి చెప్పాలి. నవ్వకు. మొన్న పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే, ఆస్పత్రి గోడ పక్కన నా చీర అంచు తగిలి అత్తిపత్తి ముడుచుకుంది. ఎన్నేళ్లుగా ఆ దారినే నడుస్తున్నానో, ఎప్పుడూ చూడలేదు. మళ్లీ ఎలా విచ్చుకుంటుందో చూద్దామని నిలబడ్డాను. ఒక్కో ఆకూ వేరేవి విచ్చుకున్నాయో లేదో చూసుకుని విచ్చుకుంటున్నట్టు ఉంది. లీలావతి వెనకనుంచి వచ్చి, "ఏంటి సిస్టరమ్మా, ఉంగరం పోయిందా?" అంది. అవునన్నాను. పాపం అది కూడా వంగి వెతికింది.

అక్కడ నువ్వుంటే ఫొటో తీసేదానివి.

రీలు త్వరగా వెతుకు. ఒకవేళ అది నీకు దొరికి, అందులో నేను చూడకూడనిది ఏమైనా ఉందని దాస్తున్నావా? వాడు ఏ అమ్మాయితో ఉన్నా నాకు ఫరవాలేదు. ఏ కులమైనా ఫరవాలేదు. నాకు మొహం కావాలి.

అమ్మ


వసంత్ కుంజ్
27 జూన్ 2004

అమ్మా,

నేనేమీ దాయడం లేదు.

మల్లేశం గదంతా వెతికాడు, మంచాలు జరిపాడు. దొరకలేదు. అతను చెల్లెలి పెళ్లికని కరీంనగర్ వెళ్లాడు. వచ్చాక ఇంటివాళ్ల అటక కూడా చూస్తానన్నాడు.

నీ అత్తిపత్తి గురించి చదివి చాలా సంతోషపడ్డాను. నేను ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా కిందికి చూస్తూ నడుస్తున్నాను. ఇదివరకూ అలాగే నడిచేదాన్ని కానీ, అప్పుడు మనుషుల్ని చూడలేక. నేరేడు చెట్ల కింద కాలిబాట అంతా ఊదారంగు. ఒక చీమ తనకన్నా పెద్ద రెక్కను తెరచాపలా ఎత్తుకుని పోతోంది. గాలి వచ్చినప్పుడల్లా చీమ ఒక పక్కకి కొట్టుకుపోయి మళ్లీ దారిలోకి వస్తోంది. నిన్న స్నానాల గదిలో బకెట్ నీళ్ల మీద బుల్‌బుల్ ఈక ఒకటి పడి ఉంది. ఎలా వచ్చిందో. దాని చుట్టూ నీళ్లు కొంచెం పల్లంగా వంగాయి, పరుపు మీద పాపాయిని పడుకోబెట్టినట్టు. వెలుతురు పోకముందే తీశాను. ఫొటో తీశాక కూడా నీళ్లు కదపబుద్ధి కాలేదు. సెలవులైనా లైబ్రరీ పని ఉంది, స్నానం చెయ్యకుండానే వెళ్లాను.

ఆ వారం సంగతి నువ్వు అడగకపోయినా నాకు వినపడుతూనే ఉంటుంది. దాని గురించి ఇప్పుడు రాయలేను.

అనుగ్రహ


నరసాపురం
10 జులై 2004

అనుగ్రహకి,

రీలు దొరకలేదని రెండు ముక్కలు. ఈక గురించి అరపేజీ.

నేను ప్రతిరోజూ పోస్టుమాన్ కోసం గేటు దగ్గర నిలబడుతున్నాను. ప్రెస్సు అబ్బాయి ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతున్నాను. చర్చిలో అందరికీ చెప్పేశాను, నవ్వే ఫొటో వస్తోందని. అందరూ "వచ్చిందా?" అని అడుగుతారు, పిల్లాడే రైలెక్కి వస్తున్నట్టు.

ముప్పై ఏళ్లు పరాయివాళ్ల పిల్లలకి జ్వరాలు చూశాను. తడిగుడ్డ వేశాను, రాత్రంతా కూర్చున్నాను. నా పిల్లాడికి ఒక్క పూట చూడలేకపోయాను. నేను దూరంగా ఉన్నాను కాబట్టి. నువ్వు బస్సు దూరంలో ఉన్నావు. నీ కళ్లకి బకెట్లో ఈక కనపడింది. తమ్ముడి జ్వరం కనపడలేదు.

ఇంతే.

అమ్మ


వసంత్ కుంజ్
1 ఆగస్టు 2004

అమ్మా,

ఇది చదివేముందు కూర్చో.

మల్లేశం ఊరినుంచి వచ్చాడు. పెళ్లి లడ్డూలు ఇవ్వడానికి మా హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. అటక మీద కూడా లేదన్నాడు. నేను అప్పుడే తులసికోట మీద నత్తను ఫొటో తీసి, కెమెరా మెడలో ఉండగానే కిందికి దిగాను. అతను దాన్ని చూసి, "ఇందుల ఏం రీలు వేసినవక్కా?" అన్నాడు. సంచీలో దొరికిన కొత్తదన్నాను.

అతను దగ్గరికి వచ్చి కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "దాని కొస మడిచి ఉండెనా?" అని అడిగాడు.

ఉందన్నాను. సాపు చేశానన్నాను.

"అయ్యో అక్కా. వాడు రీలు మొత్తం లోపటికి చుట్టకపోతుండె. లోపటికి పోతే దుకాణపాయన డబ్బా పలగ్గొడ్తడు, గీతలు పడ్తయని, కొస బయటనే ఉంచుతుండె. మరి వాడింది ఏదో వాడంది ఏదో ఎట్ల తెలుస్తదిరా అంటే, మడిచి చూపించిండు. మడిస్తే అయిపోయినట్టు."

అంటే అది కొత్త రీలు కాదు. తమ్ముడు తీసి, కడిగించడానికి పక్కన పెట్టుకున్న రీలు. దాని మీదే నేను మే నుంచి తీస్తున్నాను. వేపపువ్వు, చీమ, ఈక, అన్నీ.

ఇంకొక్కటి కూడా తియ్యకుండా వెనక్కి చుట్టి, ఆ సాయంత్రమే మల్లేశంతో కరోల్ బాగ్‌లో తమ్ముడు ఎప్పుడూ ఇచ్చే షాపులో ఇచ్చాను. మర్నాడు సర్దార్‌జీ ఫొటోలు బల్ల మీద పరిచి, "బేటా, ఏక్ కే ఊపర్ ఏక్ ఆ గయా", ఒకదాని మీద ఒకటి పడ్డాయి అన్నారు. డబ్బులు తీసుకోలేదు.

నావీ వాడివీ ఒకదానికొకటి సరిగ్గా కూడా పడలేదు. నాది ఒకటి వాడివి రెండింటి మీదికి సగం సగం వచ్చింది. చాలావాటిలో ఏది ఎవరిదో చెప్పలేం. నువ్వు అడిగిన ఫొటో ఉంది. తమ్ముడే, నవ్వుతున్నాడు. దాని మీద బకెట్లో నీళ్లు పడ్డాయి. ఈక నుదుటినుంచి చెంప దాకా ఉంది. మొహం నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంది. బాగు చెయ్యడానికి వీలుంటుందా అని అడిగాను. వీలు కాదన్నారు.

నేను ఆపేసిన తర్వాత మిగిలిన ఆఖరి నాలుగైదు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అవి తమ్ముడివి.

అన్నీ ఈ కవర్లో పెడుతున్నాను. ఒక్కటి కూడా నా దగ్గర ఉంచుకోలేదు. కెమెరాని పెట్టెలో పెట్టి తాళం వేశాను.

క్షమించమని ఎలా రాయాలో తెలియడం లేదు.

అనుగ్రహ


నరసాపురం
14 ఆగస్టు 2004

అనూ,

కవరు వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు ఆ ఫొటో చూసి, బోర్లా పెట్టి, దాని మీద బైబిలు పెట్టి డ్యూటీకి పోయాను. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, వార్డులో ఒక పేషెంటుకి సూది గట్టిగా పొడిచేశాను. పాపం, ఆమె చెయ్యి లాక్కుంది.

రెండో రోజు లీలావతి వచ్చింది. "చూపించండి" అంది. వద్దన్నాను. అదే తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసి, "సిస్టరమ్మా, ఇదిగో పన్ను" అంది.

నిజమే, ఉంది. ఈక కొస పక్కన. పన్ను మీద పన్ను. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఆ తర్వాత ముక్కు మీద బురద కూడా దొరికింది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ వెతుక్కున్నాం. చెవి దొరకలేదు.

ఇది కార్డుకి పనికిరాదు. ఎవరికీ చూపించను. డ్యూటీ గదిలో నా అలమారు తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. తెరిచినప్పుడు నేనే చూసుకుంటాను.

పోయిన ఉత్తరంలో ఆఖరున నేను రాసిన మాట ఉంది చూడు. ఆ చెయ్యి నాదే, ఏం చేసుకోను? ఆ కాగితం నీ దగ్గర ఉంచుకోకు. చింపెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. వాడివి అని శుభ్రంగా ఉన్నవి పంపావు కదా, అందులో అన్నిటికన్నా ఆఖరిది ఒకటుంది. గోడ మీద కొబ్బరిబొండాం డొల్ల, అందులో తల దూర్చిన ఉడత. తల లేదు, కాళ్లు లేవు, తోక ఒక్కటే నిలువుగా పైకి. అది చూసి నాకు నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాను. లీలావతి నన్ను చూసి భయపడి నీళ్లు తెచ్చింది, తనూ చూసి తనూ నవ్వింది. ఏడాదిగా నా ఇంట్లో నవ్వు లేదు అనూ. వాడు తీసిన దాంతోనే వచ్చింది. వాడు నవ్వుతున్న ఫొటో కోసం చూశాను, వాణ్ణి నవ్వించినది చూశాను.

నాకు కార్డు మీద అదే కావాలి. అయ్యగారితో చెబితే, "జ్ఞాపకార్థ కార్డు మీద ఉడతా, అమ్మా?" అన్నారు. "ఉడతేనండి" అన్నాను. "సంఘం ఏమనుకుంటుంది?" అన్నారు. "మా వాడు తీసిన ఆఖరి ఫొటో అని రాయండి, ఏమీ అనుకోరు" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. సృష్టిని గురించిన వాక్యం ఏదో చూస్తానన్నారు.

కింద ఒక లైను వెయ్యాలి, ఎక్కడ తీసింది, ఎప్పుడు అని. ఆ గోడ మీ హాస్టల్ గోడలా ఉంది. మొన్న అక్టోబరులో నేను వచ్చినప్పుడు దాన్ని ఆనుకునే నిలబడ్డాను. గేటు పక్కన ఆ విరిగిన ఇటుక నాకు గుర్తు. వాడు మీ దగ్గరికి ఎప్పుడు వచ్చాడు? ఆ రోజుల్లో మీరిద్దరూ కలవలేదనే కదా నేను అనుకుంటున్నది. ఆ బొండాం ఎవరిది?

కెమెరా తాళం తీసి మళ్లీ వాడు. నేను చెబుతున్నాను.

అమ్మ


వసంత్ కుంజ్
24 ఆగస్టు 2004

అమ్మా,

ఉడత ఫొటోనే వేయించు. కింద "వసంత్ కుంజ్, సెప్టెంబరు 2003" అని రాయించు.

అది మా హాస్టల్ గోడే. సెప్టెంబరు చివరి వారం. మా వార్డెన్ ఆంటీ అబ్బాయిల్ని గేటు లోపలికి రానివ్వదు, తమ్ముడైనా సరే. అందుకని వాడు రోజూ క్లాసు మానేసి, రెండు బస్సులు మారి వచ్చి, మార్కెట్లో బొండాం కొట్టించి, గేటు దగ్గర కాపలా భయ్యా చేతికి ఇచ్చి పైకి పంపేవాడు. తాగాక డొల్ల మళ్లీ కిందికి వెళ్లేది. భయ్యా దాన్ని గోడ మీద పెట్టేవాడు. ఉడత దానికి అలవాటు పడిపోయింది. అది తల దూర్చినప్పుడు తమ్ముడు కిందనుంచి నాకు సైగ చేసి, ఫొటో తీసి, తన చేతిని వెనక్కి పెట్టి తోకలా ఆడించాడు. నేను జాలీ పట్టుకుని చూస్తున్నాను. నవ్వాను కూడా. ఎక్కువసేపు నిలబడలేక మంచం మీదికి వచ్చేశాను.

నీకు తెలిస్తే సెలవు పెట్టి వచ్చేస్తావని, నీకు అప్పటికి సెలవులు మిగల్లేదని, ఇద్దరం అనుకుని నీకు చెప్పలేదు. తర్వాత తమ్ముడికి ఒళ్లు వెచ్చబడ్డప్పుడు, "అక్క ఇప్పుడిప్పుడే లేస్తోంది, దానికి చెప్పకు" అని మల్లేశంతో అన్నాడట. ఆ మాట నాకు ఆస్పత్రిలో తెలిసింది.

నువ్వు వచ్చినప్పుడు నన్ను చూసి, ఏడ్చి ఏడ్చి చిక్కిపోయానన్నావు. అవునన్నాను.

ఆ బొండాం నాది, అమ్మా. డెంగ్యూ ముందు వచ్చింది నాకు.